మంచు వాలు మీద జారేవారిని ఫోటో తీయడం



ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం వినగానే మీలో కొందరు నవ్వుకుంటారేమో! మంచుకొండల మీద స్కీయింగ్ చేసేవాళ్లను ఫోటో తీయడం ఎలాగ అన్నది ఈనాటి ప్రసంగం. "మండుటెండల్లో ఆవకాయ పెట్టుకునే వాళ్లం, ఈ మంచు గొడవ మనకెందుకమ్మా?" అంటారా? ఒక్కసారి మీ సెల్ ఫోను తెరిచి చూడండి. అమెరికాలో ఉన్న కొడుకో, కోడలో, మేనగోడలో శీతకాలం సెలవుల్లో మంచుకొండలకు వెళ్లి పంపిన ఫోటో ఒకటైనా అందులో ఉండకపోదు. అంతదూరం కూడా అక్కర్లేదు. కాశ్మీరులోని గుల్‌మర్గ్‌కూ, మనాలి దగ్గరి సోలాంగ్ లోయకూ, ఉత్తరాఖండ్‌లోని ఔలీకీ మన ఊళ్లనుంచి వెళ్లి వచ్చేవాళ్లు ఇప్పుడు ఎంతమందో.

సరే, ఆ ఫోటోలు ఎలా ఉంటాయి? మంచేమో నీలిమందు చూడని పాత దుప్పటిలా మాసిపోయి ఉంటుంది. పిల్ల ముఖం నల్లగా ఉంటుంది. రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని, కొయ్యబొమ్మలా నిలబడి ఉంటుంది. పోనీ జారుతున్నప్పుడు తీశారా, ఎక్కడో కొండ మధ్యన చీమంత చుక్క! "ఇందులో మన పిల్ల ఏదే?" అని కళ్లజోడు పెట్టుకుని వెతుక్కోవాలి. అంత ఖర్చుపెట్టి, అంత చలికి ఓర్చి, పడి లేచి నేర్చుకున్న విద్య ఫోటోలో కనిపించకుండానే పోతుంది. అది ఎందుకు పోతుంది, ఎలా నిలుపుకోవాలి అన్నది నాకు తెలిసినంత వరకు చెబుతాను. దానికంటె ముఖ్యమైనది, ఫోటో మోజులో ప్రాణం మీదికి తెచ్చుకోకుండా ఉండటం. అదీ చెబుతాను.

ఈ సంగతులు నాకెలా తెలుసునంటారా? మా అక్క కూతురు గుల్‌మర్గ్‌లో పధ్నాలుగు రోజులు స్కీయింగ్ నేర్చుకుంది. ఆడపిల్లను ఒంటరిగా పంపడానికి మా అక్క మనసొప్పక నన్ను తోడు పంపింది. ఆ పిల్ల తన కెమెరా నా చేతిలో పెట్టి, "పిన్నీ, నువ్వే నా ఫోటోగ్రాఫర్‌వి" అంది. నేను మెట్రిక్ దాకా చదివినదాన్ని. కాని అక్కడి శిక్షకులూ, వాలు పక్కన ఫోటోలు తీసే కుర్రవాళ్లూ చాలా ఓపికగా చెప్పారు. చెప్పినవాటిని రోజూ చేసి చూశాను.

గుల్‌మర్గ్ అంటే పూల మైదానం. సుమారు 8,700 అడుగుల ఎత్తున ఉంది. శీతకాలంలో పూలన్నీ మంచుకింద నిద్రపోతాయి. అక్కడ గొండోలా అని తీగెల మీద నడిచే పెట్టెబండి ఉంది. మొదటి మజిలీ కొంగ్‌డూరి, రెండోది దాదాపు 13,000 అడుగుల ఎత్తున అఫర్వత్ కొండ భుజం. కొత్తగా నేర్చుకునేవాళ్లు అంత పైకి పోరు. కింద ఉన్న చిన్న వాలుల మీదే మొదలుపెడతారు. 2020 నుంచి ఖేలో ఇండియా శీతకాల క్రీడలు కూడా గుల్‌మర్గ్‌లో జరుగుతున్నాయి.

ఇక ఫోటో సంగతికి వద్దాం. మొదటి చిక్కు మంచు తెలుపుతోనే.

కెమెరాకు కన్ను ఉంది గాని తెలివి లేదమ్మా. తన ఎదుట ఉన్నదంతా కలిపి చూస్తే నలుపూ కాని, తెలుపూ కాని నడిమి బూడిదరంగు వెలుగుగా ఉంటుందని అది లెక్క వేసుకుంటుంది. చెట్లూ, ఇళ్లూ, మనుషులూ ఉన్నచోట ఆ లెక్క సరిపోతుంది. మంచులో ఎటు చూసినా తెలుపే. "అబ్బో, వెలుగు మరీ ఎక్కువైపోయింది" అనుకుని కెమెరా వెలుగు తగ్గించేస్తుంది. అందువల్ల మంచు బూడిదరంగుకు దిగుతుంది, మనిషి ముఖం నల్లబడుతుంది. తెల్లగోడ ముందు పెళ్లికూతుర్ని నిలబెట్టి తీసినా ఇదే తంతు.

విరుగుడు ఏమిటంటే, కెమెరా వేసిన లెక్కకు మనం కాస్త వెలుగు కలపాలి. పెద్ద కెమెరాలలో వెలుగు పెంచే, తగ్గించే మీట ఒకటి ఉంటుంది. దాన్ని ఒకటి నుంచి రెండు స్టాపుల దాకా పెంచాలి. బాగా ఎండగా ఉండి అంతటా మంచే ఉంటే ఎక్కువ, దేవదారు చెట్లు కూడా పడుతుంటే తక్కువ. సెల్ ఫోను అయితే మనిషి మీద వేలు ఆనించండి. చాలా ఫోన్లలో పక్కన సూర్యుడి బొమ్మ వస్తుంది. దాన్ని పైకి జరిపితే వెలుగు పెరుగుతుంది. ఐతే మరీ పెంచకూడదు. పాయసంలో పంచదార లాంటిదే ఇదీ. ఎక్కువైతే మంచు మీది గీతలూ, గుంటలూ అన్నీ చెరిగిపోయి ఉత్త తెల్లకాగితం మిగులుతుంది. స్కీలు గీసిన గీతలు ముగ్గుకర్రలలా స్పష్టంగా కనబడుతున్నాయా అని చూసుకోండి. కనబడితే వెలుగు సరిపోయిందన్నమాట.

ఏ వేళ తీయాలి అన్నది కూడా చూసుకోవాలి. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు వాలు చదునుగా, పరుపు పరిచినట్టు కనిపిస్తుంది. ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంది. ప్రతి చిన్న మిట్టకూ నీడ వస్తుంది. లేచిన మంచుపొడి వెలుగులో మెరుస్తుంది. మబ్బు కమ్మిన రోజున వాలుకూ ఆకాశానికీ తేడా తెలియదు. అలాంటి రోజున చెట్ల పక్కన తీయడం మేలు. పిల్ల వేసుకున్న కోటు ఎరుపో, పసుపో, నారింజో అయితే మరీ మంచిది. తెల్లకోటు మంచులో కలిసిపోతుంది.

రెండో చిక్కు వేగం. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో జారే మనిషి ఒక్క సెకనులో 10 మీటర్లు పోతుంది. కెమెరా కన్ను సెకనులో నూరోవంతు తెరిచి ఉందనుకోండి, ఆ మాత్రంలోనే 10 సెంటీమీటర్లు, అంటే జానెడులో సగం, జరిగిపోతుంది. ముఖం అలికినట్టు పడుతుంది. అదే వెయ్యోవంతు అయితే జరిగేది ఒక్క సెంటీమీటరే. దూరంనుంచి చూస్తే అది కంటికి ఆనదు. కనుక కెమెరాను వెయ్యోవంతు దగ్గరో, అంతకంటె వేగంగానో పెట్టుకోవాలి. మంచుమీద వెలుగుకు కరువు లేదు కాబట్టి ఇది సులువే. పందాలలో నిటారు వాలు దిగేవారు గంటకు 100 కిలోమీటర్లు దాటి పోతారు. వారికి ఇంకా వేగం కావాలి.

ఇంకో పద్ధతి కూడా ఉంది. తేరు ముందునుంచి పోతుంటే మనం తల తిప్పుతూ చూస్తామే, అలాగ పిల్లతో పాటు కెమెరానూ సమంగా తిప్పుతూ, అరవయ్యోవంతు దగ్గర నొక్కాలి. మనిషి కుదురుగా పడుతుంది, వెనక ఉన్న చెట్లన్నీ గీతలుగా సాగిపోతాయి. వేగం ఎంతో చూసేవారికి ఇట్టే తెలుస్తుంది. పది తీస్తే ఒకటి కుదురుతుంది గాని, ఆ ఒక్కటీ బాగుంటుంది.

అన్నిటికంటె పెద్ద కిటుకు మాత్రం ఎదురుచూడటం. ఇందులో మనల్ని మించినవారు లేరని నేను ధైర్యంగా చెబుతాను. పాలు పొంగుతాయని మనకు పొంగకముందే తెలియదూ? అంచున బుడగ కట్టగానే చెయ్యి స్టవ్ మీట మీదికి పోతుంది. ఇదీ అంతే. స్కీయింగ్ చేసేవారు తిన్నగా కిందికి రారు. వేగం అదుపులో ఉంచుకోవడానికి ఇటూ అటూ మలుపులు తిరుగుతూ దిగుతారు. పందెంలో ఐతే ఎర్రకర్రలూ, నీలికర్రలూ పాతి ఉంటాయి, వాటి పక్కనుంచే తిరగాలి. కాబట్టి మనిషి వెంట కెమెరా పట్టుకుని పరుగెత్తనక్కరలేదు. ఎక్కడ మలుపు తిరుగుతుందో ఒకటికి రెండుసార్లు చూసి, ఆ చోటికి ముందే దృష్టి కుదుర్చుకుని, ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. పిల్ల అక్కడికి రాబోయే ముందే నొక్కడం మొదలుపెట్టాలి. వచ్చాక నొక్కితే తోకే పడుతుంది.

మలుపులోనే ఎందుకంటే, విద్య అంతా కనబడేది అక్కడే. మోకాలు వంగుతుంది, ఒళ్లు లోపలికి ఒరుగుతుంది, బరువంతా బయటి స్కీ మీద పడుతుంది, దాని అంచు మంచును కోసి పొడిగా ఎగజిమ్ముతుంది. కొత్తగా నేర్చుకునే పిల్ల స్కీల ముందు కొసలు దగ్గరకు చేర్చి, వెనక చివరలు దూరంగా పెట్టి, పూరింటి కప్పు ఆకారంలో నెమ్మదిగా దిగుతుంది. వేగాన్ని ఆపుకునే మొదటి పాఠం అది. దాన్ని ఫోటో తీయడానికి నామోషీ పడకండి. పెద్ద ఆటగత్తెలా నిలబెట్టి తీసిన ఫోటో కంటె, పళ్లు బిగించి ఆ మొదటి పాఠం చేస్తున్న ఫోటోలోనే పిల్ల నిజంగా ఉంటుంది.

కెమెరాను వాలుకు కాస్త కిందనుంచి, పక్కగా, తక్కువ ఎత్తులో పట్టుకోండి. పైనుంచి కిందికి తీస్తే కొండ చదునైపోతుంది. నిలువుగా పెరిగిన చెట్టు ఒకటి ఫోటోలో ఉంటే వాలు ఎంత ఉందో చూసేవారి కంటికి కొలత దొరుకుతుంది. కెమెరాను ఒంకర పట్టుకుని లేని వాలు తెప్పించే తెలివి కొందరికుంది. చెట్లన్నీ ఒరిగిపోయి ఆ గుట్టు బయటపడుతుంది లెండి!

ఇంతవరకు చెప్పింది ఫోటో బాగుండటానికి. ఇప్పుడు చెప్పబోయేది మనుషులు బాగుండటానికి. కాస్త శ్రద్ధగా వినండి.

గుల్‌మర్గ్‌లో నేను కళ్లారా చూసినది ఒకటి చెబుతాను. మనవైపునుంచే వచ్చిన కొత్త దంపతులు. ఆ అమ్మాయి అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. జాగ్రత్తగా, ముందుకే చూస్తూ దిగుతోంది. కింద పక్కగా నిలబడిన భర్త ఫోను పట్టుకుని, "ఇటు చూడు! చెయ్యి ఊపు! నవ్వు!" అని కేకవేశాడు. ఆ పిల్ల ఇటు చూసింది, చెయ్యి ఎత్తింది. చూపు ఎటు తిరిగితే ఒళ్లూ, స్కీలూ అటే తిరుగుతాయి. రెండు స్కీలూ పెనవేసుకుని బోర్లా పడింది. మోకాలు మెలిపడి, రెండు రోజుల్లో ముగియవలసిన యాత్రలో ఆ రెండు రోజులూ గదిలోనే గడిపింది. అతనికి చెడ్డ ఉద్దేశం ఏమైనా ఉందా? లేదు. భార్య నవ్వుతూ ఫోటోలో పడాలన్న ముచ్చటే. కాని అమ్మా, పిండివంట కాగే నూనె ముందు ఉన్న మనిషిని ఎవరైనా వెనకనుంచి "ఇటు చూడు" అని పిలుస్తారా? జారుతున్న మనిషినీ పిలవకూడదు. నవ్వే ఫోటో కావాలంటే కిందికి వచ్చి ఆగాక తీసుకోవచ్చు. "ఇంకొక్కసారి, ఇంకాస్త వేగంగా" అని అడగటమూ వద్దు. అలసిన కాళ్లు మాట వినవు.

రెండో జాగ్రత్త మనం నిలబడే చోటు గురించి. అంతర్జాతీయ స్కీ సమాఖ్య వాలు మీద నడుచుకునే తీరుకు పది నియమాలు పెట్టింది. ఇరుకైన చోట, పైనుంచి వచ్చేవారికి కనబడని చోట ఆగరాదని అందులో ఒకటి. కాలినడకన ఎక్కేవారూ, దిగేవారూ వాలు అంచునే ఉండాలని మరొకటి. మిట్ట దిగువన కూర్చుంటే ఫోటో అద్భుతంగా వస్తుందనిపిస్తుంది. కాని మిట్ట పైనుంచి వచ్చే మనిషికి మనం కనబడం. అలాగే మలుపుకు బయటివైపు నిలబడితే మంచుపొడి మనవైపే లేస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. కాని కాలు జారితే ఆ మనిషీ అటువైపే కొట్టుకువస్తుంది. కనుక దూరాన్ని దగ్గరచేసే లెన్సు వాడుకుని, మనం మాత్రం ఎడంగా, వాలు అంచున ఉండాలి. ఉంటున్న చోటు సరైనదేనా అని అక్కడి శిక్షకుణ్ణి ఒక్కమాట అడగడానికి మొహమాటపడవద్దు.

మంచుకొండ కెమెరాను చూసి మొహమాటపడదు. దీనికి ఒక కథ ఉంది, కట్టుకథ కాదు. 1964 ఏప్రిల్‌లో స్విట్జర్లాండులోని సెయింట్ మోరిట్జ్ దగ్గర విల్లీ బోగ్నర్ అనే జర్మన్ ఒక స్కీ చిత్రం తీస్తున్నాడు. ఆయనే స్వయంగా ఒలింపిక్స్‌లో పాల్గొన్న ఆటగాడు. చిత్రంలో జారుతున్నవారు కూడా ఆరితేరినవారే. మంచుచరియ విరిగిపడి ఇద్దరిని మింగింది. ఒకరు అమెరికాకు పేరు తెచ్చిన బడ్ వెర్నర్, రెండోవారు 1960 ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచిన జర్మన్ యువతి బార్బీ హెన్నెబెర్గర్. దీనిమీద కోర్టు విచారణ కూడా నడిచింది. అదే బోగ్నర్ తరువాత 1969లో వచ్చిన జేమ్స్‌బాండ్ చిత్రానికి కెమెరా చేతపట్టుకుని, తాను వెనక్కి జారుతూ మంచు దృశ్యాలు తీసి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు. అంతటి నేర్పరి వెంట ఉన్నవాళ్లను కూడా కొండ వదలలేదన్నది మనం గుర్తుంచుకోవాలి.

మనదేశంలో మాత్రం? 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ కొండ మీద మంచుచరియ పడి పోలండు దేశస్తులైన ఇద్దరు స్కీయర్లు మరణించారు. అందుకే చెబుతున్నాను. "ఇవాళ అటు పోవద్దు" అని అక్కడి కాపలావారు తాడు కట్టిన చోట, తాడుకు అవతల ఎవరి అడుగూ పడని మంచు ఎంత అందంగా ఉన్నా, అటు పోవద్దు. పిల్లల్ని పొమ్మని ప్రోత్సహించనూ వద్దు. జారుతూ జారుతూ ఒక చేత్తో ఫోను పట్టుకుని తన ఫోటో తానే తీసుకునే అలవాటు ఉంటే, ఇంట్లో పెద్దవాళ్లం మనమే గట్టిగా చెప్పాలి.

ఇక కెమెరా ఆరోగ్యం గురించి నాలుగు మాటలు. చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. రెండోదాన్ని లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకుని మార్చి మార్చి వాడుకోవాలి. ఫోనైనా అంతే, చేతిలో పట్టుకుని తిరగకుండా కోటు లోపల దాచుకోవాలి. చలినుంచి గదిలోకి వచ్చేటప్పుడు ఇంకో గండం ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబుకు చెమట పట్టడం చూస్తాం కదా, చల్లబడ్డ కెమెరాకూ వెచ్చని గదిలో అలాగే చెమ్మ పడుతుంది, లోపలికీ దిగుతుంది. బయట ఉండగానే దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించేయండి. చెమ్మ సంచికి పడుతుంది గాని కెమెరాకు పట్టదు. గది వేడికి అలవాటుపడ్డాక, గంటో రెండు గంటలో ఆగి, అప్పుడు తీయండి. కాశ్మీరు వాళ్లు ఫెరన్ అనే పొడుగు అంగీ లోపల కాంగ్‌డీ అనే నిప్పుల కుంపటి పెట్టుకుంటారు. ఎంతో వెచ్చగా ఉంటుంది. చేతులు కాచుకోండి, కెమెరాను మాత్రం దానిమీద కాచవద్దు. లెన్సు మీద మంచు పడితే నోటితో ఊదకండి, ఆవిరి గడ్డకడుతుంది. మెత్తని కుంచెతో దులపండి. మన కళ్లకు నల్లకళ్లజోడు తప్పనిసరి. మంచు మీది ఎండ కళ్లను కాలుస్తుంది.

చివరిగా ఒక మాట. ఇంటిల్లిపాదీ యాత్రకు వెళ్లినప్పుడు కోట్లు మోసేదీ, ఫ్లాస్కులో టీ పట్టుకునేదీ, అందరి ఫోటోలు తీసేదీ అమ్మే. మంచు మీద ఆడే ఆట మగవారిదీ, పిల్లలదీ అనుకోకండి. 1988లో కాల్గరీ ఒలింపిక్స్‌లో శైలజా కుమార్ స్కీ పందెంలో దిగింది. శీతకాల ఒలింపిక్స్‌లో పాల్గొన్న మొదటి భారత మహిళ ఆమే. 2018 జనవరిలో మనాలి ప్రాంతపు అమ్మాయి ఆంచల్ ఠాకూర్ టర్కీలో కాంస్యం గెలిచి, అంతర్జాతీయ స్కీ పోటీలో మనదేశానికి మొదటి పతకం తెచ్చింది. మీరు పందేలకు పోనక్కరలేదు. చిన్నవాలు మీద, శిక్షకుడి చెయ్యి పట్టుకుని నాలుగడుగులు జారి చూడండి. అప్పుడు కెమెరా మీ అమ్మాయి చేతికివ్వండి. నలభై దాటిన అమ్మ పూరింటి కప్పులా కాళ్లు పెట్టుకుని మంచు మీద దిగుతున్న ఫోటో ఇంట్లో ఒకటి ఉంటే, రేపు మనవరాలికి అది ఎంత ధైర్యమో ఆలోచించండి.

జారి పడ్డ ఫోటో ఉంటే దాన్ని నలుగురికీ పంపే ముందు, పడ్డ మనిషిని ఒకమాట అడగండి. అక్కడ స్లెడ్జి బండి లాగి పొట్టపోసుకునే కాశ్మీరీ సోదరులను తీయాలన్నా ముందు అడగండి. వారూ మనలాగే ఒకరి ఇంటివాళ్లు.

మీ పిల్లలు మంచుకొండలకు వెళ్తున్నామని ఫోను చేస్తే స్వెటరు, మేజోళ్లు గుర్తుచేస్తారు కదా. దాంతోపాటు ఈ మూడు మాటలూ చేర్చండి. మంచుకు కాస్త వెలుగు పెంచు. మలుపు దగ్గర ఎదురుచూడు. జారేవాళ్లను పిలవకు. ఆ తరువాత వచ్చే ఫోటోలో తెల్లని మంచూ ఉంటుంది, పిల్ల పడ్డ కష్టమూ ఉంటుంది. అన్నిటికంటె మించి, పిల్ల క్షేమంగా ఉంటుంది.